దురాక్రమణ జాతులపై జాతీయ విధానం: మొదటి నెలలో ఎవరు కదలాలో ముందే రాసుకోవాలి

ప్రశ్న: ఒక దేశం విదేశీ దురాక్రమణ జాతుల (బయటినుంచి వచ్చి వ్యాపించి హాని చేసే మొక్కలు, జంతువుల) నిర్వహణకు జాతీయ విధానం తయారు చేసుకోవాలంటే అందులో తప్పకుండా ఉండాల్సినవి ఏమిటి? చాలా దేశాల పత్రాలు చదివాను. నివారణ, ముందస్తు గుర్తింపు, నియంత్రణ, అవగాహన అని అన్నిట్లోనూ ఉంది. అయినా ఫలితాలు ఎందుకు అంతంతమాత్రం? నిషేధిత జాబితా (అందులో ఉన్నవి తేకూడదు) మంచిదా, అనుమతి జాబితా (అందులో ఉన్నవే తేవచ్చు) మంచిదా? ఇప్పటికే పాతుకుపోయి, కొందరికి బతుకుతెరువు కూడా అయిన జాతుల్ని ఏం చేయాలి?

జవాబు:

మీరు చదివిన పత్రాలన్నీ ఒకేలా ఉండటానికి కారణం ఉంది. అన్నిటికీ మూలం ఒకటే. 1992 నాటి జీవవైవిధ్య ఒప్పందం 8(హెచ్) అధికరణంలో ఈ బాధ్యత పెట్టింది. 2002లో హేగ్‌లో సభ్యదేశాలు మార్గదర్శక సూత్రాలు ఆమోదించాయి. ముందు రానివ్వకూడదు, వస్తే వెంటనే నిర్మూలించాలి, అది కుదరనప్పుడు వ్యాపించకుండా అదుపు చేయాలి అన్న మూడు మెట్ల వరస అక్కడిదే. ఆ వరసలో తప్పేమీ లేదు. 2022 డిసెంబరులో మాంట్రియల్‌లో కుదిరిన ప్రపంచ జీవవైవిధ్య చట్రం దానికి ఒక అంకె కూడా జోడించింది. కొత్త దురాక్రమణ జాతులు వచ్చి పాతుకునే వేగాన్ని 2030కల్లా కనీసం సగానికి తగ్గించాలన్నది అందులోని 6వ లక్ష్యం.

ఇక ఫలితాల సంగతి. జీవవైవిధ్యంపై ప్రభుత్వాల ఉమ్మడి శాస్త్రీయ వేదిక ఐపీబీఈఎస్ 2023లో ఇచ్చిన నివేదిక ప్రకారం, మనుషుల చేతుల మీదుగా కొత్త ప్రాంతాలకు చేరి స్థిరపడిన జాతులు 37 వేలకు పైమాటే. వాటిలో హాని చేస్తున్నట్టు ఆధారాలున్నవి 3,500కు పైగా. అంటే పదింట తొమ్మిది వంతుల జాతుల వల్ల చెప్పుకోదగ్గ హాని నమోదు కాలేదు. బయటినుంచి వచ్చిన ప్రతిదాన్నీ శత్రువుగా చూసే విధానం తన శక్తిని చెదరగొట్టుకుంటుంది. అదే నివేదికలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసిన అంకెలు వేరే ఉన్నాయి. 80 శాతం దేశాలు తమ జీవవైవిధ్య ప్రణాళికల్లో ఈ జాతుల గురించి లక్ష్యాలు రాసుకున్నాయి. ప్రత్యేక చట్టమో నిబంధనలో ఉన్నవి 17 శాతమే. 45 శాతం దేశాలు నిర్వహణ మీద ఖర్చే పెట్టడం లేదు. 2019లో ఈ జాతుల వల్ల ప్రపంచం భరించిన ఖర్చు 42,300 కోట్ల డాలర్లకు మించిందని అంచనా. అందులో 92 శాతం నష్టాలే. నిర్వహణకు పెట్టింది 8 శాతం.

మీ మొదటి ప్రశ్నకు నా జవాబు ఇది. కొత్త జాతి కనబడిన మొదటి నెలలో ఎవరు నిర్ణయం తీసుకుంటారు, ఏ చట్టం కింద తీసుకుంటారు, ఏ ఖాతాలోంచి ఖర్చు పెడతారు అన్నవి ముందే తేల్చి పెట్టని విధానం ఎంత అందంగా రాసినా పనిచేయదు. చాలా పత్రాలు ఈ మూడింటినీ 'సంబంధిత శాఖల సమన్వయంతో' అన్న మాటతో దాటేస్తాయి. ఆపద వచ్చాక సమన్వయ కమిటీ వేయడం ఇల్లు కాలుతుంటే బావి తవ్వినట్టే. ఒకే జాతి రెండు చోట్ల రెండు రకాలుగా ముగిసిన కథ చెబితే తేడా స్పష్టంగా కనబడుతుంది.

కౌలెర్పా టాక్సిఫోలియా ఒక సముద్రపు నాచు. ముదురు ఆకుపచ్చ రంగులో, ఈకలాంటి ఆకులతో చూడముచ్చటగా ఉంటుంది. ఆక్వేరియాలలో పెంచిన ఒక రకం చల్లటి నీటికి కూడా తట్టుకోవడం నేర్చుకుంది. 1984లో మొనాకోలోని సముద్రశాస్త్ర మ్యూజియం కింది తీరంలో అది దాదాపు ఒక చదరపు మీటరు మేర కనబడింది. ఒక మనిషి ఒక పూటలో చేత్తో పీకెయ్యగలిగినంత. ఎవరూ పీకలేదు. 1989కల్లా సుమారు ఒక హెక్టారుకు పాకింది. నీస్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త అలెగ్జాండర్ మైనేజ్ గట్టిగా హెచ్చరించడం మొదలుపెట్టాడు. ఇది నిజంగా ఆక్వేరియం నుంచి వచ్చిందా, సహజంగా చేరిందా, హాని చేస్తుందా చేయదా అన్న వాదనల్లో ఏళ్లు గడిచాయి. పడవల లంగర్లకూ వలలకూ చిక్కుకున్న చిన్న ముక్క చాలు, కొత్త చోట మొలవడానికి. 2000 చివరికి మధ్యధరా తీరంలో అది సుమారు 131 చదరపు కిలోమీటర్ల అడుగు నేలను ఆక్రమించింది. ఆ తర్వాతి దశాబ్దంలో ఫ్రాన్స్ తీరంలో చాలాచోట్ల అది తగ్గిపోయింది. అయితే అది ఏ ప్రభుత్వం చేపట్టిన చర్య వల్లా జరిగింది కాదు.

ఇప్పుడు కాలిఫోర్నియా. 2000 జూన్ 12న కార్ల్స్‌బాడ్ దగ్గర ఉప్పుకయ్యలో సముద్రపు గడ్డిని పరిశీలిస్తున్న డైవర్ల కంట అదే నాచు పడింది. పదిహేడు రోజుల్లో చికిత్స మొదలైంది. నాచు ఉన్న ప్రతి మడి మీదా నల్లటి ప్లాస్టిక్ పట్టా కప్పారు. అంచులు లేవకుండా ఇసుక బస్తాలు పెట్టారు. పట్టా కిందికి క్లోరిన్ ఎక్కించారు. తర్వాత కూడా డైవర్లు చూపు ఆనని ఆ బురద నీటిలో వరసలు కట్టి అడుగు నేలంతా మళ్లీ మళ్లీ వెతికారు. 2006 జులైలో పూర్తిగా పోయిందని ప్రకటించారు. 70 లక్షల డాలర్లకు పైగా ఖర్చయింది.

రెండు చోట్లా నాచు ఒకటే, శాస్త్రం ఒకటే. తేడా ఎక్కడుందంటే, అమెరికాలో శాస్త్రవేత్తలు 1998లోనే ప్రభుత్వానికి విన్నవించుకున్నారు. 1999లో ఆ రకం సమాఖ్య హానికర కలుపు జాబితాలో చేరింది. దాంతో అది కనబడిన రోజున 'ఇది హానికరమా' అన్న చర్చ అవసరం రాలేదు. చూసిన డైవర్లకు దాని ముఖం తెలుసు. అయినా అక్కడా ఒక అదృష్టం కలిసొచ్చింది. తొలి ఖర్చులకు ప్రభుత్వ నిధి సిద్ధంగా లేదు. ఆ ఉప్పుకయ్య తీరాన ఉన్న విద్యుత్ కంపెనీ ముందుకొచ్చింది కాబట్టి పని ఆగలేదు. విధానం రాసేవాళ్లు అలాంటి అదృష్టం మీద ఆధారపడకూడదు.

అధికారం విషయానికొద్దాం. చాలా దేశాల్లో క్వారంటైన్ వ్యవసాయ శాఖది, అడవి అటవీ శాఖది, చెరువు మత్స్య శాఖదో నీటిపారుదల శాఖదో, రేవు నౌకాయాన శాఖది, పట్టణంలో చెట్టు మున్సిపాలిటీది. జాతికి ఈ గోడలు తెలియవు. కాబట్టి విధానంలో ఒక్క అధికారికి పేరుపెట్టి బాధ్యత అప్పగించాలి. ప్రైవేటు స్థలంలోకి వెళ్లడానికి, వాహనాన్నీ పడవనూ ఆపడానికి, సరుకును నాశనం చేయడానికి ఆ అధికారికి చట్టబద్ధమైన అధికారం ఉండాలి. 1999 మార్చిలో ఆస్ట్రేలియాలోని డార్విన్ పడవల రేవుల్లో నల్లచారల ఆల్చిప్ప కనబడింది. ఆరు నెలల ముందు జరిపిన సర్వేలో అది లేదు. ఈసారి చూస్తే పడవల అడుగున, గోడల మీద గుత్తులు గుత్తులుగా పట్టేసి ఉంది. కొద్ది రోజుల్లోనే దాన్ని మత్స్య చట్టం కింద హానికర జీవిగా ప్రకటించారు. దాంతో రేవును మూసి, ఎవరి పడవనైనా తనిఖీ చేసి, నీళ్లలో క్లోరిన్, కాపర్ సల్ఫేట్ కలిపే వీలు దొరికింది. అలల పోటు ఎక్కువగా ఉండే ఊరు కాబట్టి ఆ రేవులకు లాకు తలుపులున్నాయి. వాటిని మూయగలగడం పెద్ద సాయమైంది. నెల రోజుల్లో పని అయిపోయింది. ఇదే ఆల్చిప్ప విశాఖపట్నం రేవులో 1967లో నమోదైంది. అప్పట్లో అక్కడ ఇలాంటి సత్వర ఏర్పాటు లేదు. అది అక్కడ ఇప్పటికీ ఉంది.

అధికారంతో పాటు రక్షణ కూడా ఇవ్వాలి. ఇటలీలో అమెరికా బూడిదరంగు ఉడతను 1948లో టూరిన్ దగ్గర వదిలారు. అది స్థానిక ఎర్ర ఉడతను తరిమేస్తుందని బ్రిటన్ అనుభవం అప్పటికే చెబుతోంది. 1997లో ఒక పార్కులో ప్రయోగాత్మకంగా నిర్మూలన మొదలుపెడితే జంతుహక్కుల సంఘాలు కోర్టుకెళ్లాయి. పని ఆగింది. అధికారులు విచారణ ఎదుర్కొన్నారు. 2000లో నిర్దోషులుగా బయటపడ్డారు గానీ, ఆలోపు ఉడతలు చేయిదాటిపోయాయి. జంతుప్రేమికుల్ని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. ఏ పద్ధతిలో చంపితే బాధ తక్కువ, చంపకుండా వేరే దారి ఎక్కడ సాధ్యం అన్న చర్చ జాతి రాకముందే, బహిరంగంగా జరగాలి. ఆ చర్చలో ఒప్పుకున్న పద్ధతుల్ని విధానానికి అనుబంధంగా చేరిస్తే, అత్యవసర సమయంలో పనిచేసిన ఉద్యోగి ఒంటరిగా బోనెక్కాల్సిన అవసరం రాదు.

డబ్బు గురించి ఆస్ట్రేలియా 2005లో చేసుకున్న ఒప్పందం చదవమని చెబుతాను. మొక్కల అత్యవసర తెగుళ్ల మీద ప్రభుత్వాలూ, పంటల సంఘాలూ కలిసి సంతకాలు చేశాయి. ఏ తెగులు వస్తే ఎవరు ఎంత భరించాలో నాలుగు తరగతులుగా విడగొట్టారు. ప్రజలకు, ప్రకృతికి నష్టం ఎక్కువైన తెగులైతే ఖర్చు మొత్తం ప్రభుత్వానిది. రెండో తరగతిలో ప్రభుత్వానిది 80 శాతం, మూడో తరగతిలో చెరిసగం, నష్టం ప్రధానంగా పరిశ్రమదే అయితే ప్రభుత్వం 20 శాతమే పెడుతుంది. తెగులు వచ్చాక బేరాలు ఉండవు. ఇంతకంటే విలువైనది అందులో ఇంకొకటుంది. నిర్మూలన కోసం పంట తగలబెట్టాల్సి వస్తే సాగుదారుకు పరిహారం దక్కుతుంది. కొత్త పురుగును అందరికంటే ముందు చూసేది శాస్త్రవేత్త కాదు, పొలంలో ఉన్న మనిషి. చెబితే పంట పోతుంది, పైసా రాదు అని తెలిస్తే ఆ మనిషి చెప్పడు. అవగాహన కార్యక్రమాలు ఎన్ని పెట్టినా ఆ మౌనం వదలదు. మీ ముసాయిదాలో 'అవగాహన' అధ్యాయాన్ని సగానికి కోసి, ఆ చోటులో పరిహారం నియమాలు రాయండి.

జాబితాల ప్రశ్నకు వస్తే, నేను అనుమతి జాబితా పక్షం. నిషేధిత జాబితాలో ఒక జాతి చేరేసరికి అది ఎక్కడో హాని చేసి ఉంటుంది, చాలాసార్లు మన గడ్డ మీదే. ఐరోపా సమాఖ్య 2014లో మంచి నిబంధన తెచ్చింది. 2016లో 37 జాతులతో జాబితా మొదలుపెట్టి 2022కి 88కి చేర్చింది. చేర్చే ప్రతి జాతికీ ఆధారాలు, సభ్యదేశాల అంగీకారం కావాలి. ఆ వేగం వ్యాపార వేగాన్ని అందుకోలేదు. న్యూజిలాండ్ 1996 చట్టంలో భారాన్ని తిరగేసింది. 1998 జులై 29 నాటికి దేశంలో లేని ఏ జాతిని తేవాలన్నా ముందు అనుమతి తీసుకోవాలి, ప్రమాదం లేదని తెచ్చేవాడే చూపించాలి. ఆస్ట్రేలియా 1997 నుంచి కొత్త మొక్కలకు 49 ప్రశ్నల పరీక్ష పెట్టింది. విత్తనం ఎలా వ్యాపిస్తుంది, నరికితే మళ్లీ చిగురిస్తుందా, ముళ్లున్నాయా, పశువులు తింటాయా వంటివి అందులో ఉంటాయి. అన్నిటికంటే బాగా జోస్యం చెప్పేది ఒకటే: ఇంకెక్కడైనా ఇది కలుపుగా మారిందా? ఒక చిన్న దేశానికి సొంత పరిశోధనాలయం లేకపోయినా ఈ ప్రశ్నకు జవాబు వెతకడం కష్టం కాదు.

అనుమతి జాబితా పెడితే ప్రపంచ వాణిజ్య సంస్థ ఒప్పుకోదని అధికారులు భయపడటం చూస్తుంటాను. 1995 నుంచి అమల్లో ఉన్న ఆ సంస్థ ఎస్‌పీఎస్ ఒప్పందం (మనుషులు, జంతువులు, మొక్కల ఆరోగ్య రక్షణ చర్యలకు సంబంధించినది), ఎంత రక్షణ కావాలో నిర్ణయించుకునే హక్కు దేశానికే ఇచ్చింది. అడిగేది రెండే. చర్యకు ప్రమాద అంచనా ఆధారం కావాలి, ఒకరికి ఒక నీతి మరొకరికి ఒక నీతి ఉండకూడదు. ఆధారాలు చాలనప్పుడు తాత్కాలిక చర్యలు తీసుకోవడానికి 5.7 నిబంధన వీలిస్తుంది, కాకపోతే ఆధారాలు సేకరించి సహేతుక కాలంలో సమీక్షించాలి. ఇది తెలియక వెనకడుగు వేసిన ముసాయిదాలు ఎన్నో.

అసలు జాతుల జాబితా కంటే దారుల జాబితా ఎక్కువ పని చేస్తుంది. ఏ గిడ్డంగిలోనైనా సరుకు కింద ఉన్న చెక్క పాలెట్‌ను తిప్పి చూడండి. గోధుమ కంకి గుర్తు, దేశం అక్షరాలు, పక్కన 'హెచ్‌టీ' అని కాల్చిన ముద్ర ఉంటుంది. చెక్క లోపలి భాగం దాకా 56 డిగ్రీల వేడిని ఏకధాటిగా 30 నిమిషాలు ఉంచారని దాని అర్థం. 2002లో వచ్చిన అంతర్జాతీయ ప్రమాణం అది. ఏ పురుగు, ఏ దేశం అని అడగదు. పేరు కూడా తెలియని బెరడు పురుగుల్ని కూడా ఆ వేడి ఆపుతుంది. నౌకలు సమతూకం కోసం ఒక చోట నింపుకుని మరో చోట వదిలే బల్లాస్ట్ నీటికి ఇలాంటి ఏర్పాటు రావడం ఆలస్యమైంది. జీబ్రా ఆల్చిప్ప ఉత్తర అమెరికా మహా సరస్సుల్లో 1988లో దొరికింది, అంతర్జాతీయ ఒప్పందం 2004లో కుదిరింది, అమల్లోకి వచ్చింది 2017లో. జాతీయ విధానం ఆ ఆలస్యం కోసం ఆగనక్కర్లేదు, సొంత రేవులో సొంత నియమం పెట్టుకోవచ్చు. ఇప్పుడు అందరూ పట్టించుకోని దారి ఆన్‌లైన్ అమ్మకం. అక్వేరియం మొక్కలు, పెంపుడు జీవులు, విత్తనాలు పోస్టులో వస్తున్నాయి. గుర్రపు డెక్క శతాబ్దానికి పైగా ప్రపంచమంతా కాలువల్ని కప్పేస్తున్నా, పూలు బాగుంటాయని దాన్ని ఇంకా అమ్ముతూనే ఉన్నారు.

నిర్వచనం దగ్గర ఒక జాగ్రత్త. చాలా చట్టాలు 'దేశానికి చెందని జాతి' అని రాస్తాయి. ఉదాహరణకు భారతదేశం 2022లో వన్యప్రాణి సంరక్షణ చట్టాన్ని సవరించి, దురాక్రమణ జాతుల దిగుమతినీ, కలిగి ఉండటాన్నీ, వ్యాప్తినీ నియంత్రించే అధికారం కేంద్రానికి ఇచ్చింది. ఇది చాలాకాలంగా కావలసిన అడుగే. కానీ అందులో నిర్వచనం భారతదేశానికి స్థానికం కాని జాతుల వరకే. ప్రధాన భూభాగపు చుక్కల జింకను అండమాన్ దీవుల్లో వదిలితే అక్కడి అడవి లేత మొక్కల్ని అది మేసేసింది. ఆ జింక ఈ నిర్వచనంలోకి రాదు. ఆ నిర్వచనంలో హాని కూడా వన్యప్రాణులకూ వాటి ఆవాసాలకూ జరిగేదే, పంటకూ మనిషి ఆరోగ్యానికీ జరిగేది వేరే చట్టాల పాలు. సరిహద్దు గీత ఆధారంగా కాక, జాతి సహజంగా ఉండే ప్రాంతం ఆధారంగా నిర్వచించండి. దీవులూ, పెద్ద పర్వతశ్రేణులూ, వేర్వేరు నదీ పరీవాహకాలూ ఉన్న ఏ దేశానికైనా ఇది చాలా ముఖ్యం.

చివరి ప్రశ్న అన్నిటికంటే కష్టమైంది, బతుకుతెరువైన జాతులు. సర్కారు తుమ్మనే తీసుకోండి. ఎడారీకరణ ఆపడానికి, వంటచెరకు కోసం ప్రభుత్వాలే విత్తనాలు చల్లిన చెట్టు ఇది. కెన్యాలోని బరింగో ప్రాంతంలో 1980ల మొదట్లో నాటారు. చెట్టు మేతభూములనూ నీటి ఒడ్డునూ కమ్మేసింది. దాని తియ్యటి కాయలు నిరంతరం తిన్న మేకలకు పళ్లు పుచ్చి ఊడిపోయాయి. 2006లో అక్కడి ప్రజలు ప్రభుత్వం మీద కేసు వేశారు, పళ్లులేని మేకను సాక్ష్యంగా కోర్టుకు తీసుకొచ్చారు. అదే చెట్టు బొగ్గు కాల్చుకుని బతికేవాళ్లకు ఆదాయం. వీళ్లిద్దరిలో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. 'నిర్మూలిస్తాం' అన్న ఒక్క మాట రాసినా, 'వినియోగిస్తూ నియంత్రిస్తాం' అని రాసినా ఒకరికి అన్యాయం జరుగుతుంది.

రెండో మాట గురించి నాకు గట్టి అభిప్రాయమే ఉంది. వాడుకుంటే అదే తగ్గిపోతుందన్న ఆశ చాలా విధానాల్లో కనబడుతుంది. జరిగేది తరచూ వేరు. కొనుగోలుదారుడు, యంత్రం, బ్యాంకు అప్పు వచ్చాక ఆ జాతి అయిపోకూడదని కోరుకునే వర్గం పుట్టుకొస్తుంది. రోడ్డు పక్కన దొరికే పెద్ద చెట్లను నరుకుతారు, కొత్త చోట్ల మొలుస్తున్న పిల్లమొక్కల జోలికి ఎవరూ పోరు. నిజానికి వ్యాప్తిని ఆపాలంటే పీకాల్సింది ఆ పిల్లమొక్కల్నే. వాడకానికి అనుమతి ఇవ్వొచ్చు, కానీ ఏ గీత లోపల, ఎన్నేళ్లు అని రాయాలి. గీత బయట మొలిచిన ప్రతిదాన్నీ ప్రభుత్వ ఖర్చుతో పీకాలి.

దక్షిణాఫ్రికా ఈ చిక్కుముడిని కొంత విప్పింది. 2004 జీవవైవిధ్య చట్టం కింద 2014లో వచ్చిన నిబంధనలు జాతుల్ని తరగతులుగా విడగొట్టాయి. 1ఎ అంటే కనబడిన వెంటనే నిర్మూలించాలి, 1బి అంటే కార్యక్రమం ప్రకారం అదుపు చేయాలి, 2 అంటే పర్మిట్ ఉన్నచోటే పెంచాలి, 3 అంటే ఇప్పుడున్నవి ఉండొచ్చు గానీ కొత్తగా నాటకూడదు, అమ్మకూడదు. కలప పైన్ చెట్లకు రెండో తరగతి అక్కరకొచ్చింది. పర్మిట్ ఉన్నవాడి తోట నుంచి విత్తనం బయటికి పోతే బాధ్యత అతనిదే. ట్రౌట్ చేప మీద మాత్రం ఏళ్ల తరబడి గొడవ నడిచింది, కాబట్టి తరగతులతోనే అన్నీ తేలిపోతాయని అనుకోవద్దు. ఆ నిబంధనల్లో నాకు బాగా నచ్చింది మరొకటి: ప్రతి మూడేళ్లకూ దేశంలో దురాక్రమణ స్థితిపై నివేదిక ఇవ్వాల్సిన బాధ్యత జాతీయ జీవవైవిధ్య సంస్థ మీద పెట్టారు.

అదే దేశం 1995లో 'వర్కింగ్ ఫర్ వాటర్' మొదలుపెట్టింది. నదుల ఎగువన నీళ్లు తాగేసే విదేశీ చెట్లను తొలగించడం, ఆ పని పేదలకు ఇవ్వడం దాని ఉద్దేశం. వేల మందికి ఉపాధి దొరికింది. ఇలాంటి ప్రతి కార్యక్రమానికీ ఒక గండం ఉంటుంది. తుమ్మ జాతి విత్తనాలు నేలలో దశాబ్దాలు బతుకుతాయి. మొదటిసారి నరికి ఫొటో తీసుకున్నాక రెండో ఏడు, మూడో ఏడు తిరిగి రాకపోతే మునుపటికంటే దట్టంగా మొలుస్తుంది, ఎందుకంటే నీడ పోయింది. అత్తపత్తి, లంటానా, వయ్యారిభామ ఏదైనా ఇదే కథ. ఈ ఏడు ఎన్ని హెక్టార్లు నరికామన్నది ప్రగతి సూచికగా పెడితే సిబ్బంది ప్రతి ఏడూ కొత్త హెక్టార్లకే పోతారు. దాని బదులు, మూడేళ్ల కింద తొలగించిన చోట ఇప్పుడు స్థానిక గడ్డీ మొక్కలూ ఎంత మేర ఉన్నాయో కొలవండి. బడ్జెట్ మంజూరు చేసేటప్పుడే తర్వాతి సంవత్సరాల ఖర్చుతో కలిపి మంజూరు చేయాలి, లేకపోతే ఆ చోట మొదలే పెట్టకూడదు.

జీవనియంత్రణ, అంటే ఒక జాతిని దాన్ని తినే మరో జీవితో అదుపు చేయడం గురించి జనంలో రెండు అతివాదాలున్నాయి. ఆస్ట్రేలియాలో నాగజెముడు సుమారు రెండు కోట్ల నలభై లక్షల హెక్టార్లను ఆక్రమించింది. అర్జెంటీనా నుంచి తెచ్చిన కాక్టోబ్లాస్టిస్ చిమ్మట పురుగును 1926లో వదిలాక ఏడెనిమిదేళ్లలో చాలావరకు కూలిపోయింది. ఆ దేశమే 1935లో చెరకు పురుగుల కోసం చెరకు కప్పను తెచ్చింది. కప్ప పురుగుల్ని వదిలి నోటికందిందల్లా తిన్నది, తనను తిన్నవాటిని విషంతో చంపింది. చిమ్మట నాగజెముడు వర్గపు మొక్కల మీదే బతుకుతుంది, కప్పకు ఆ పరిమితి లేదు. అందుకే వదిలేముందు అది వేరే దేన్నీ తినదని పరీక్షించడం తప్పనిసరి. ఆ పరీక్ష కూడా దేశం సరిహద్దుతో ఆగకూడదు. ఆస్ట్రేలియాలో మేలు చేసిన అదే చిమ్మటను 1957లో కరీబియన్ దీవుల్లో వదిలితే, 1989కి ఫ్లోరిడా చేరి అక్కడి సహజ నాగజెముడు జాతులకే ముప్పు తెచ్చింది. పొరుగు దేశాల్ని సంప్రదించే నియమం అందుకే కావాలి.

పరీక్షలు కచ్చితంగా ఉండాలి, ఫైలు మాత్రం ఆగకూడదు. 2008లో కోయంబత్తూరు ప్రాంతంలో బొప్పాయి పిండినల్లి కనబడి బొప్పాయి, మల్బరీ, కర్రపెండలం పంటల్ని ఊడ్చేసింది. మందులు కొట్టినా లాభం లేకపోయింది. 2010లో ప్యూర్టోరికో నుంచి మూడు రకాల పరాన్నజీవి కందిరీగల్ని దిగుమతి చేసుకుని, బెంగళూరులోని జాతీయ సంస్థలో క్వారంటైన్, పరీక్షలు పూర్తి చేసి పొలాల్లో వదిలారు. వాటిలో ఎసెరోఫాగస్ పపాయే అనే చిన్న కందిరీగ పని కానిచ్చింది. కొద్ది నెలల్లో పిండినల్లి అదుపులోకొచ్చింది, రైతు జేబులోంచి రూపాయి కదలకుండా. ఆ దరఖాస్తు ఎవరి బల్ల మీద ఎన్నాళ్లు ఉండొచ్చో గడువు రాసిపెట్టడం విధానం చేయాల్సిన పని.

ఇక జీతాల సంగతి. ముసాయిదాల్లో దీన్ని ఎవరూ రాయరు, కానీ నిర్మూలన గెలుపోటములు తరచూ ఇక్కడే తేలతాయి. 1902లో హనోయ్‌లో ఎలుక తోకకు ఇంత అని డబ్బిస్తే జనం తోకలు కోసి ఎలుకల్ని వదిలేశారు, పిల్లలు పెట్టడానికి. ఇంగ్లండ్ తూర్పు ప్రాంతంలో బొచ్చు కోసం పెంచిన కోయిపు అనే పెద్ద ఎలుకజాతి జంతువు 1930లలో తప్పించుకుని కాలువగట్లు తవ్వేస్తూ వచ్చింది. 1962లో మొదలైన ప్రయత్నం దాన్ని తగ్గించిందే గానీ తుడిచిపెట్టలేదు. 1981లో మళ్లీ మొదలుపెట్టినప్పుడు పదేళ్ల గడువు పెట్టారు. 24 మంది బోనుకారులకు నెలజీతం ఇచ్చారు. చివరి జంతువు కూడా పోయిందని తేలితే మూడేళ్ల జీతం దాకా బోనస్ అన్నారు, ఆలస్యమయ్యేకొద్దీ అది తగ్గుతుంది. పని అయిపోతే ఉద్యోగం పోతుందన్న భయం స్థానంలో, తొందరగా అయిపోతే ఎక్కువ దక్కుతుందన్న ఆశ వచ్చింది. 1989 జనవరిలో నిర్మూలన పూర్తయిందని ప్రకటించారు. మీ ముసాయిదాలో నిర్మూలన బృందం నియామకాల పేజీ ఉంటే, తలకు ఇంత అన్న చెల్లింపు ఎక్కడ కనబడినా కొట్టేసి ఈ పద్ధతి రాయండి. 'అయిపోయింది' అని ఎవరు, ఎన్నాళ్ల వెతుకులాట తర్వాత ప్రకటిస్తారో కూడా ఆ పేజీలోనే ఉండాలి.